టిక్కీల లెక్కతో ప్రోగ్రామింగ్: ఏమీ తెలియనివాళ్లు మొదటి నెల ఏం చేయాలి

గుంటూరులో ఎవరికైనా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని మనసు పుడితే ముందు అడిగే ప్రశ్న "ఎక్కడ చేరాలి?" రెండోది "జావానా, పైథానా?" మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "నాకు ఇంగ్లీషు సరిగా రాదు, నేర్చుకోగలనా?"

మూడోదానికే ముందు జవాబు చెప్తాను. నేర్చుకోగలరు. పైథాన్ భాష తన కోసం దాచిపెట్టుకున్న ఆదేశ పదాలు మొత్తం 35. మొదటి నెలలో వాటిలో పది కూడా అక్కర్లేదు. ఫోన్లో మెసేజ్ కొట్టేంత ఇంగ్లీషు ఉంటే చాలు. అసలు కష్టం వేరే చోట ఉంది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టూ వదిలేయకుండా చెప్పడం మనకు అలవాటు లేదు. ఆ అలవాటు తెలుగులోనే చేసుకోవాలి, కంప్యూటర్ ముట్టుకోకముందే చేసుకోవాలి.

నేను బీకామ్ చదివాను. డిగ్రీ అయ్యాక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి మూడు నెలలు నోట్సు రాసుకున్నాను. బోర్డు మీద ప్రోగ్రామ్ రాసేవారు, మేం ఎక్కించుకునేవాళ్లం. చూడకుండా అప్పజెప్పడం వచ్చింది కానీ, సొంతంగా నాలుగు లైన్లు రాయమంటే చెయ్యి కదిలేది కాదు. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. సీజన్లో రాత్రి పొద్దుపోయాక కూడా ఇంట్లో బిల్లులు కూడుతూ ఉండేవారు. ఒకరోజు పక్కన కూర్చుని, ఆయన చెయ్యి ఏ వరసలో కదులుతుందో కాగితం మీద రాశాను. నేను రాసిన మొదటి ప్రోగ్రామ్ అదే. కింద చెప్పేదంతా ఆ కాగితం నుంచి వచ్చిందే.

మొదటి అడుగు: నోటుబుక్కు, పెన్ను

ఆసియాలోని పెద్ద మిర్చి మార్కెట్లలో మన యార్డు ఒకటి. అక్కడ మిర్చి బస్తాను టిక్కీ అంటారు. రైతు నాలుగు టిక్కీలు తెచ్చాడనుకుందాం. బిల్లు ఎలా కడతారో తెలుగులో రాయండి. చాలామంది ఇలా రాస్తారు:

టిక్కీలు తూచాలి. ధరతో గుణించాలి. బిల్లు ఇవ్వాలి.

మనిషికి ఇది చాలు. కంప్యూటర్‌కు చాలదు. మీరు రాసిన కాగితాన్ని ఇంట్లో పదేళ్ల పిల్లవాడికి ఇచ్చి, "ఇందులో ఏం రాసుందో అదే చెయ్, నీ సొంత తెలివి వాడకు" అని చెప్పండి. మా తమ్ముడితో నేను ఇదే చేశాను. వాడు ఒక టిక్కీ బరువు చూసి, ధరతో గుణించి ఆగిపోయాడు. మిగతా మూడూ ఏవిరా అంటే, "మళ్లీ చేయమని రాయలేదుగా" అన్నాడు. వాడిది తప్పు కాదు. కాగితం సరిచేశాను:

1. మొత్తం అనే చోట సున్నా రాయి.
2. ఒక టిక్కీ బరువు చూడు.
3. ఆ బరువును మొత్తానికి కలుపు.
4. ఇంకా టిక్కీలు ఉంటే 2వ మెట్టుకు వెళ్లు. లేకపోతే 5కి వెళ్లు.
5. మొత్తాన్ని క్వింటా ధరతో గుణించి, 100తో భాగించు.
6. వచ్చిన అంకె చెప్పు.

ఈ ఆరు లైన్లలో ప్రోగ్రామింగ్‌లోని ముఖ్యమైన సంగతులు దాదాపు అన్నీ ఉన్నాయి. ఒక అంకెకు పేరు పెట్టి దాచుకోవడం, లెక్క చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, పరిస్థితిని బట్టి దారి మార్చడం. 5వ మెట్టులో 100తో భాగించడం ఎందుకంటే, ధర క్వింటాకు చెప్తారు, కాటా కిలోల్లో చూపిస్తుంది. యార్డులో పనిచేసేవాళ్లు ఈ సంగతి పైకి అనరు, వాళ్ల తలలోనే ఉంటుంది. కంప్యూటర్‌కు తల లేదు కాబట్టి రాయాల్సిందే.

మొదటి నాలుగైదు రోజులు ఇదే చేయండి. ఆటోవాడికి చిల్లర లెక్క, కరెంటు బిల్లు, టిఫిన్ సెంటర్లో టోకెన్ల లెక్క, ఏదైనా సరే. మూడు కాగితాలు పిల్లవాడి పరీక్షలో నెగ్గాకే తర్వాతి అడుగు వేయండి. తొందరపడి దీన్ని దాటేసినవాళ్లు నెల తర్వాత మళ్లీ ఇక్కడికే రావడం చాలాసార్లు చూశాను.

రెండో అడుగు: పైథాన్ పెట్టుకోవడం

ఏ భాషతో మొదలుపెట్టాలని ఎక్కువ ఆలోచించకండి. పైథాన్ పట్టుకోండి. గైడో వాన్ రోసమ్ 1991లో బయటికి తెచ్చిన భాష ఇది. ఉచితం. మనం కాగితం మీద రాసుకున్న వరసకు దగ్గరగా ఉంటుంది. జావా తర్వాత నేర్చుకోవచ్చు. తర్క జ్ఞానం ఒకటే కాబట్టి రెండో భాష సగం కష్టంతో వచ్చేస్తుంది.

విండోస్ కంప్యూటర్ ఉంటే పైథాన్ సొంత వెబ్‌సైట్ నుంచి స్టాండలోన్ ఇన్‌స్టాలర్ అనేది దించుకోండి. ఇన్‌స్టాల్ మొదలయ్యే మొదటి తెరలోనే అడుగున, పైథాన్‌ను పాత్‌కు (కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను వెతికే చోట్ల జాబితాకు) కలపమంటారా అని ఒక చిన్న గడి ఉంటుంది. దాని మీద టిక్కు పెట్టి ముందుకు వెళ్లండి. అది వదిలేస్తే తర్వాత "పైథాన్ దొరకలేదు" అని కంప్యూటర్ చెప్తూ ఉంటే బుర్ర పాడవుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక స్టార్ట్ మెనూలో ఐడిల్ అనే పేరుతో ఒక కిటికీ దొరుకుతుంది. మొదటి నెలకు అది చాలు.

కంప్యూటర్ లేకపోతే ఆగిపోవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లో పైడ్రాయిడ్ అనే యాప్ ఉంది. నెట్ సెంటర్లోనో స్నేహితుడి దగ్గరో గంటసేపు దొరికితే, బ్రౌజర్లోనే నడిచే గూగుల్ కొలాబ్ ఉంది. దానికి ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఒక జీమెయిల్ ఖాతా చాలు. పైథాన్ కోసమే అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొనడం మాత్రం వద్దని గట్టిగా చెప్తాను. పాత సిస్టమ్ మీద కూడా ఈ పనులన్నీ హాయిగా నడుస్తాయి.

మూడో అడుగు: మూడు బాణాల ముందు కూర్చోవడం

ఐడిల్ తెరవగానే మూడు బాణం గుర్తులు కనిపిస్తాయి. అక్కడ ఏదైనా కొట్టి ఎంటర్ నొక్కితే వెంటనే జవాబు వస్తుంది. పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఇది చాలామందికి తెలియదు. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఆన్ చేసుకుని ఇలా కొట్టండి:

>>> మొత్తం = 42 + 40.5 + 41 + 43
>>> ధర = 14000
>>> మొత్తం
166.5
>>> మొత్తం * ధర / 100
23310.0

గుణకారానికి నక్షత్రం గుర్తు, భాగహారానికి వాలుగీత. చివర .0 ఎందుకు వచ్చిందంటే, వాలుగీతతో భాగిస్తే పైథాన్ ఎప్పుడూ దశాంశ సంఖ్యే ఇస్తుంది. ధర 14,000 అని కామా పెట్టకండి. కామా పెడితే పైథాన్ దాన్ని రెండు వేర్వేరు అంకెలుగా తీసుకుంటుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. ఎంటర్ కొట్టే ముందు జవాబు ఏం వస్తుందో నోటుబుక్కులో రాయాలి. తర్వాతే కొట్టాలి. మీ జవాబూ దాని జవాబూ వేరైతే, ఆ తేడా ఎందుకు వచ్చిందో తేలేదాకా ముందుకు కదలకూడదు. నాకు తెలిసి ఇంతకంటే బాగా నేర్పే పద్ధతి లేదు.

సమానం గుర్తు దగ్గర కాస్త ఆగాలి. బడిలో నేర్చుకున్న సమానం ఇది కాదు. మొత్తం = మొత్తం + 41 అని లెక్కల మాస్టారి ముందు రాస్తే కొట్టేస్తారు. పైథాన్‌లో అది తప్పు కాదు. కుడివైపు లెక్క ముందు చేసి, వచ్చినదాన్ని ఎడమవైపు పేరున్న డబ్బాలో వెయ్యి అని దాని అర్థం. డబ్బాలో పాతది పోయి కొత్తది వస్తుంది.

పేరు ఒక్కసారి ఎలా రాస్తే ప్రతిసారీ అలాగే రాయాలి. టిక్కీలు అని పెట్టి, తర్వాత దీర్ఘం మర్చిపోయి టిక్కిలు అంటే, ఆ పేరు గలవాళ్లెవరూ ఇక్కడ లేరంటుంది. పేరు మధ్యలో ఖాళీ కుదరదు. మొత్తం_బరువు అని కింద గీతతో కలపాలి.

అంకె వేరు, అంకెలా కనిపించే మాట వేరు

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, మొదటి నెలలో ఎక్కువమంది తట్టుకుని పడేది ఇక్కడే.

>>> 42 + 41
83
>>> '42' + '41'
'4241'

కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది ఏదైనా పైథాన్‌కు మాటే. రెండు మాటల్ని కలపమంటే పక్కపక్కన అతికిస్తుంది. నేరుగా ఎవరూ ఇలా రాయరు. అయితే ప్రోగ్రామ్ నడుస్తుండగా మనిషిని అంకె అడిగే ఇన్‌పుట్ అనే ఆదేశం ఉంది. అది ఎప్పుడూ మాటనే తెచ్చిస్తుంది. మీరు 42 కొట్టినా లోపలికి '42'గా వెళ్తుంది. దాన్ని పూర్ణాంకంగా మార్చడానికి ఇంట్ (ఐ, ఎన్, టీ) అనే ఆదేశం, దశాంశంగా మార్చడానికి ఫ్లోట్ అనే ఆదేశం వాడాలి. బిల్లు లక్షల్లోకి వెళ్లిపోయిందంటే ముందు ఇదే చూడండి.

ఇంకొకటి కూడా కొట్టి చూడండి:

>>> 0.1 + 0.2
0.30000000000000004

కంప్యూటర్ పాడవలేదు. అది లోపల రెండే అంకెలతో, అంటే సున్నా, ఒకటితో లెక్క పెడుతుంది. మనకు 1ని 3తో భాగిస్తే 0.3333 అని ఎలా తెగకుండా సాగుతుందో, దానికి 0.1 అలా సాగుతుంది. అందుకే డబ్బు లెక్కల్లో రూపాయలను పైసలుగా మార్చి పూర్ణాంకాలతో చేయడం మంచి అలవాటు.

నాలుగో అడుగు: దారి మార్చడం, బ్యారేజీ ఉదాహరణతో

ఇక్కడి నుంచి లైన్లు పెరుగుతాయి. ఐడిల్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి కొత్త ఫైలు తెరిచి, అందులో రాసి, ఎఫ్5 నొక్కి నడిపించండి. ఇఫ్, ఎల్స్, ఫర్, ప్రింట్ లాంటి ఆదేశాలను నేను ఇక్కడ తెలుగు లిపిలో చూపిస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎలిఫ్ అనేది కొత్త మాట, దాని అక్షరాలు ఈ, ఎల్, ఐ, ఎఫ్.

ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలే నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. దీన్ని ప్రోగ్రామ్‌గా రాయమంటే, మొదటిది ముందు కాబట్టి చాలామంది ఇలా రాస్తారు:

విడుదల = 1143000
ఇఫ్ విడుదల >= 397000:
    ప్రింట్('మొదటి హెచ్చరిక')
ఎలిఫ్ విడుదల >= 569000:
    ప్రింట్('రెండో హెచ్చరిక')
ఎల్స్:
    ప్రింట్('హెచ్చరిక లేదు')

నడిపించండి. "మొదటి హెచ్చరిక" అని వస్తుంది. నేను పైన పెట్టిన 11.43 లక్షలు 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ చూసిన అంకె. అటు బుడమేరు నీళ్లు అజిత్‌సింగ్ నగర్‌ను ముంచిన రోజులవి. అంత వరదకు ఈ ప్రోగ్రామ్ రెండో హెచ్చరిక ఇవ్వలేదు. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించనూ లేదు, ఎందుకంటే రాతలో తప్పు లేదు. వరసలో ఉంది.

పైథాన్ పై నుంచి చదువుకుంటూ వస్తుంది. మొదటి షరతు సరిపోగానే ఆ పని చేసి, కింద ఉన్నవాటి వైపు చూడకుండా బయటికి వెళ్లిపోతుంది. 11.43 లక్షలు 3.97 కంటే ఎక్కువే కదా, అక్కడే ఆగింది. పెద్ద అంకెను పైన పెట్టాలి: ముందు 569000, తర్వాత 397000. మార్చి నడిపించండి. ఆపై 569000, 568999, 397000, 396999 అనే నాలుగు అంకెలు ఒక్కొక్కటిగా ఇచ్చి చూడండి. గట్టు మీద ఉన్న అంకెలతో పరీక్షించని ప్రోగ్రామ్‌ను నమ్మకూడదు. ఈ విషయంలో నాది మొండి పట్టు, నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇదే ముందు చెప్తాను.

షరతు చివర రెండు చుక్కలు, కింది లైను ముందు నాలుగు ఖాళీలు. ఈ ఖాళీలు అందం కోసం కాదు. ఏ లైను ఎవరి కింద ఉందో పైథాన్‌కు తెలిసేది వాటితోనే.

ఐదో అడుగు: మళ్లీ మళ్లీ చేయించడం

ఇప్పుడు నోటుబుక్కులో రాసిన ఆరు మెట్లు బయటికి తీయండి.

టిక్కీలు = [42, 40.5, 41, 43]
ధర = 14000
మొత్తం = 0
ఫర్ బరువు ఇన్ టిక్కీలు:
    మొత్తం = మొత్తం + బరువు
ప్రింట్(మొత్తం * ధర / 100)

చదరపు బ్రాకెట్లలో ఉన్నది లిస్టు. ఫర్ లైను చెప్పేది ఇది: లిస్టులోంచి ఒక్కో అంకె తీసి, దానికి బరువు అని పేరు పెట్టి, కింద ఖాళీలతో ఉన్న పని చెయ్యి. అయిపోయేదాకా చేస్తూనే ఉండు. మన కాగితంలో 2, 3, 4 మెట్లు ఈ రెండు లైన్లే.

నడిపించే ముందు కాగితం మీద పట్టిక గీయండి. ఒక వరసలో బరువు, పక్కన మొత్తం. 42 వచ్చినప్పుడు మొత్తం 42. 40.5 వచ్చాక 82.5. 41 తర్వాత 123.5. చివరికి 166.5. ఇలా చేత్తో నడిపి చూడటం రాకపోతే లూపు, అంటే ఈ మళ్లీ మళ్లీ చేయించడం, అర్థం కానట్టే. వీడియోలో ఎన్నిసార్లు చూసినా ఇది రాదు, చెయ్యే నేర్చుకోవాలి.

తర్వాత ప్రోగ్రామ్‌ను కావాలనే పాడుచేయండి. మొత్తం = 0 అనే లైను ఫర్ కిందికి, ఖాళీలు పెట్టి జరపండి. చివరి మొత్తం ఎంత అవుతుందో ముందు రాయండి. 43 అవుతుంది (తెర మీద దాని బిల్లు 6020.0 కనిపిస్తుంది), ఎందుకంటే ప్రతి టిక్కీకీ డబ్బా ఖాళీ అయిపోయి చివరి బరువొక్కటే మిగిలింది. ప్రింట్ లైను ముందు కూడా నాలుగు ఖాళీలు పెట్టి చూడండి, ఒక బిల్లుకు బదులు నాలుగు వస్తాయి. పని చేసే ప్రోగ్రామ్‌ను చూడటం కంటే, చేతులారా చెడగొట్టి బాగుచేసినప్పుడే లోపల ఏం జరుగుతుందో బాగా తెలుస్తుంది.

లిస్టులో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మన గుంటూరు బ్రాడీపేటలో లైన్లు (వీధులు) ఒకటి నుంచి ఉంటాయి కానీ, పైథాన్‌లో టిక్కీలు[0] అంటే మొదటి టిక్కీ, టిక్కీలు[3] అంటే నాలుగోది. టిక్కీలు[4] అడిగితే లిస్టు దాటిపోయావంటుంది. రేంజ్ అనే ఆదేశంతో కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. బ్యారేజీకి 70 గేట్లున్నాయి. వాటి నంబర్లు వరసగా రావాలంటే రేంజ్(1, 71) అని రాయాలి, ఎందుకంటే చివరి అంకె లెక్కలోకి రాదు. రేంజ్(1, 70) అంటే డెబ్బయ్యో గేటు వదిలేసినట్టే.

ఫంక్షన్ గురించి ఇప్పటికి ఇంత తెలిస్తే చాలు: పదేపదే వాడే లెక్కకు ఒక పేరు పెట్టి పక్కన ఉంచుకోవడం. డెఫ్ అక్షరాలు డి, ఈ, ఎఫ్.

డెఫ్ బిల్లు(బరువు, ధర):
    రిటర్న్ బరువు * ధర / 100

ఇక ఎక్కడైనా బిల్లు(166.5, 14000) అంటే 23310.0 వస్తుంది.

ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడు

టెన్షన్ పడకండి. పైథాన్ తిట్టడం లేదు, ఎక్కడ ఆగిందో చెప్తోంది. ఆ గందరగోళమంతా పై నుంచి చదవొద్దు. ముందు చివరి లైను చదవండి, అందులో తప్పు రకం ఉంటుంది. తర్వాత దాని పైన లైను నంబరు చూడండి. నేమ్ ఎర్రర్ అంటే పేరు తప్పు రాశారు. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే ఖాళీలు కుదరలేదు. టైప్ ఎర్రర్ అంటే చాలాసార్లు అంకెనూ మాటనూ కలిపారు. సింటాక్స్ ఎర్రర్ అంటే రెండు చుక్కలో బ్రాకెట్టో మర్చిపోయారు. చూపించిన లైను బాగానే ఉంటే దాని పై లైను చూడండి, మూయని బ్రాకెట్టు అక్కడ ఉండొచ్చు.

వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చిన ప్రోగ్రామ్‌ను కాపీ చేస్తే ఒక చిక్కు ఉంది. వాటిలో కొటేషన్ గుర్తులు వంపు తిరిగి ఉండొచ్చు. పైథాన్‌కు నిటారు గుర్తులే కావాలి. కంటికి తేడా కనిపించక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అందుకే ఏ ప్రోగ్రామైనా చేత్తో కొట్టండి. వేళ్లకు అలవాటు అవుతుంది, తప్పులూ తెలుస్తాయి.

చాట్‌జీపీటీ లాంటివాటిని వాడొచ్చా అని అందరూ అడుగుతున్నారు. వాడండి. కాకపోతే "ఈ ప్రోగ్రామ్ రాసిపెట్టు" అని అడగొద్దు. "ఈ ఎర్రర్‌కు అర్థం ఏమిటి, తెలుగులో చెప్పు" అని అడగండి. మొదటి నెల లెక్క మీ తలలోనే జరగాలి.

పుస్తకాలు, పాఠాలు

రోజూ గంట చాలు, కానీ రోజూ కూర్చోవాలి. ఆదివారం ఐదు గంటలు కూర్చుని మిగతా వారం వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా చూడొచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు.

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో పైథాన్ పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. కొనే ముందు ఏదో ఒక పేజీ తిప్పి, ప్రింట్ అనే ఆదేశం పక్కన బ్రాకెట్లు ఉన్నాయేమో చూడండి. లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం. దాని పని 2020 జనవరి 1తో ముగిసింది. ఆ లైన్లు ఇప్పటి పైథాన్‌లో నడవవు, తప్పు మీదనుకుని బెంగపడతారు. పుస్తకాన్ని అక్కడే పెట్టి వచ్చేయండి.

నెలాఖరుకు చేయాల్సిన పని

ఇంట్లోవాళ్లకు తెలిసిన లెక్క ఇస్తాను: చీటీ. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకు 5,000. ఒకరు కొంత తగ్గించుకుని పాడుకుంటారు. ఆ తగ్గింపులోంచి చీటీ నడిపేవారి కమీషన్ 5,000 అనుకుందాం, అది తీసేస్తే మిగిలింది 20 మందికీ సమానంగా పంచుతారు. ఆ వాటా పోను ఎంత కట్టాలన్నది ఆ నెల కంతు.

ముందు నోటుబుక్కులో తెలుగులో మెట్లు రాయండి. ఇంట్లో చీటీలు వేసే అమ్మకో పిన్నికో చదివి వినిపించండి, ఏదైనా వదిలేస్తే వాళ్లే పట్టుకుంటారు. తర్వాత ఫంక్షన్‌గా మార్చండి. పాట, అంటే ఆ తగ్గింపు, 25,000 ఇస్తే జవాబు 4,000 రావాలి. 30,000 ఇస్తే 3,750 రావాలి. రెండూ సరిపోయాక పాట 3,000 అని ఇచ్చి చూడండి. 5,100 వస్తుంది, అసలు కంతు కంటే వంద ఎక్కువ. ఏ చీటీలోనూ అలా కట్టించుకోరు. అక్కడ ఒక ఇఫ్ కావాలి. అది ఏ లైను ముందు రావాలో, ఆ షరతులో ఏ అంకె ఉండాలో ముందు కాగితం మీద తేల్చుకోండి.